కొసరు నక్షత్రం

మహబూబాబాద్‌లో మాది యూనిఫాంల దుకాణం. కొత్తగా హవల్దారైన బయ్యారం జవాను ఒకతను, చొక్కా చేతికి కుట్టించుకునే మూడు పట్టీల బిళ్ళ కోసం వచ్చి గట్టిగా బేరమాడాడు. ధర తగ్గించడం నా వల్ల కాక, ఒక ఇత్తడి నక్షత్రం కొసరు ఇవ్వబోయాను.

"గిది సుబేదార్లు భుజం మీద పెట్టుకునేదన్నా. నేను గంత పెద్దోన్ని కాలే."

"ఎప్పుడో ఒకప్పుడు అయితవ్ తియ్, తమ్మీ."

"అయినంక తీస్కుంట. నీ తాననే ఉంచు."

నిరుడు నెరిసిన మీసంతో వచ్చి, నాయబ్ సుబేదార్‌నయ్యానని చెయ్యి చాపాడు. గల్లాపెట్టె అడుగునుంచి ఆ నక్షత్రం తీసిచ్చాను. రెండో భుజానికి ఇంకోటి కావాలిగా? బేరమాడతాడని దానికి ధర ఎక్కువే చెప్పాను. అతను అడిగినంతా ఇచ్చేసి వెళ్ళాడు. ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి బస్టాండు దాకా పరుగెత్తాను.