ఫస్ట్ క్లాస్, సాబ్

రెజిమెంటల్ బజార్‌లో నేను పనిచేసిన టైపింగ్ షాపుకు అప్పట్లో అందరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల బయోడేటాల కోసమే వచ్చేవారు. మిలిటరీలో చేసి రిటైరైన హవల్దార్ తాత మాత్రం మోకాలి గాయం కాగితాలతో వచ్చేవాడు. ఎలా ఉన్నావని ఎవరడిగినా కుంటికాలు లాగి, మడమలు టక్కుమని కలిపి, "ఫస్ట్ క్లాస్, సాబ్" అనేవాడు.

మిలిటరీ డాక్టర్ల బోర్డు ఆయన వైకల్యం ముప్పై శాతమని రాసింది. మళ్లీ పరీక్షకు రమ్మని ఉత్తరం వచ్చింది. ఇరవై కన్నా తగ్గిస్తే ఆ కాలి పింఛను ఆగిపోతుంది. ఇంటి కిరాయి దాంతోనే. ఉత్తరం చదివి వినిపించి, డాక్టర్ ముందు ఏం చెప్పాలో నేనే నేర్పడం మొదలుపెట్టాను.

"నేనే డాక్టర్ననుకో తాతా. ఎట్లున్నవ్?"

"ఫస్ట్ క్లాస్, సాబ్."

"గట్లనొద్దని ఎన్నిసార్లు చెప్పాలె? మెట్లెక్కలేనని చెప్పు."

"ఆఫీసర్ ముంగట ఏడుస్తరా బేటీ? ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ చూసి ఓనరు కిరాయి మాఫ్ చేస్తడా?"

తాత తల దించుకున్నాడు. "సరే, నొప్పని చెప్తా." ఆ మాట పదిసార్లు అనిపించాను.

బోర్డు రోజు తోడు వెళ్లాను. నన్ను తలుపు బయటే ఆపేశారు. లోపల డాక్టర్ ఎలా ఉన్నావని ప్రేమగానే అడిగాడు.

"కైసే హో, హవల్దార్?"

నొప్పి అను తాతా, నొప్పి అను, అని నేను బయట గొణుక్కుంటున్నాను.

అప్పుడు లోపల రెండు మడమలు టక్కుమని కలిశాయి.