మైకు కింద పోయిన చెవి

నిజాన్ని గట్టిగా చెబితే చాలు, లోకం మారిపోతుందని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాకు సరిగ్గా ఆ వయసే. భవానీపురంలో ఒక మేడ మీది గదిలో మా హేతువాద సంఘం నడిచేది. దానికి పెద్ద దిక్కు మాస్టారు. బడిలో సైన్సు చెప్పి, రిటైరయ్యాక లోకానికి చెప్పడం మొదలుపెట్టిన మనిషి. ఒక పండగ సీజన్లో పందిళ్ళ మైకుల మోత భరించలేక, శబ్దం వల్ల చెవికి జరిగే హాని మీద వీధిలో సభ పెడదామన్నారు. చాలా మంచి ఆలోచన. అయితే మా వేదికకు ఎదురుగానే అమ్మవారి పందిరి, దాని మీద రెండు మైకు హారన్లు. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "వాళ్ళకి రెండుంటే మనకి నాలుగుండాలోయ్. జనానికి మన మాట వినపడొద్దూ?" అన్నారు. శబ్దం మీద యుద్ధానికి శబ్దాన్నే అద్దెకు తెచ్చాం. మా ఆంప్లిఫయరుకు ఒక జబ్బుంది: వేలితో నొక్కి పట్టుకోకపోతే వాల్యూమ్ నాబ్ దానంతటదే జారిపోయేది. సంఘంలో అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి హారన్ల కింద నిలబడి దాన్ని నొక్కిపట్టే గౌరవం నాకు దక్కింది. వాళ్ళు పెంచారు, మేమూ పెంచాం. కర్ణభేరి ఎంత సున్నితమైనదో మాస్టారు వర్ణిస్తున్నంతసేపూ నా కర్ణభేరి ఆయన గొంతు కిందే ఉంది. చివరికి పక్కన చేపలమ్ముకునే ఆవిడ లేచి, "ఆపండయ్యా బాబూ, ఇద్దరూ ఆపండి! కొరమేను ఎంతని అడిగేవాడి మాట నాకు ఇనపడట్లా. మీ దేవుడూ వద్దు, మీ సైన్సూ వద్దు!" అని అరిచింది. (ఆ సాయంత్రం జరిగిన ఉపన్యాసాల్లో పనికొచ్చింది అదొక్కటే. అదీ ఎవరికీ వినపడలేదు, పక్కనే ఉన్న నాకు తప్ప.)

మర్నాడు లేచేసరికి ఎడమ చెవిలో సన్నని ఈల. కుక్కర్ కూతకు ముందు వచ్చే సన్నాయిలాగా, కూతా రాదు, ఈలా ఆగదు. మా అమ్మ వెంటనే తీర్పు చెప్పేసింది. "అమ్మవారి ముందు నోరు పారేసుకుంటే ఇంతేరా. ఒక కొబ్బరికాయ కొట్టు, తగ్గిద్ది." "నోరు పారేసుకుంది మాస్టారమ్మా, పోయింది నా చెవి. మీ అమ్మవారికి గురి సరిగ్గా లేదా?" అన్నాను. ఆవిడ వెల్లుల్లి వేసి కాచిన నూనె తెచ్చి చెవిలో పోసింది. ఈల తగ్గలేదు గానీ రెండు రోజులు నా దగ్గర ఆవకాయ వాసన వచ్చింది. ఈలకంటే నన్ను భయపెట్టింది వేరే ఉంది. ఎడమవైపు నుంచి మాట్లాడేవాళ్ళ మాటలు అలుక్కుపోయినట్టు వినిపించేవి. చర్చావేదికల మీద వాదించడమే నా బతుకనుకుంటున్న రోజులవి. ఎదుటివాడి మాట వినపడనివాడు ఉపన్యాసం దంచగలడేమో గాని వాదన చేయలేడు. బెంగపడి మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను పరీక్షలో కూర్చోబెట్టినట్టు అడిగారు.

"ఆ శబ్దం ఇంకెవరికైనా వినపడుతోందా?"

"లేదండి."

"కొలిచి చూపించగలవా?"

"లేదండి."

"పూనకం వచ్చినావిడ తనకి అమ్మవారి మాట వినపడుతోందంటే మనం ఏమంటున్నాం?"

"భ్రమ అంటున్నామండి."

"మరింకే. వెళ్ళి కరపత్రాలు పంచు."

వేదికల మీద అదే వాదనతో నేను ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నానో! నా కత్తికి అంత పదునుందని నాకే దిగితే గాని తెలియలేదు.

కొండపల్లి దగ్గర ఒక తాత ఉండేవాడు. చెవిలో వెదురు గొట్టం పెట్టి ఊది, పురుగు బయటికి తీసి, రోగం పోయిందనేవాడు. పురుగు ముందే గొట్టంలోని దూదిలో ఉంటుంది. ఆ గుట్టు సభల్లో చేసి చూపించింది నేనే. అయినా ఒక పొద్దున తలకి తుండుగుడ్డ చుట్టుకుని బస్సెక్కాను. మోసమని తెలిసిన మందు కోసం కూడా మనిషి వరసలో నిలబడతాడని ఆ రోజు తెలిసింది. తాత ఇంటి అరుగు మీద కూర్చుని పక్కకు చూస్తే మరో తుండుగుడ్డ. దాని కింద మాస్టారు.

"పరిశీలనకి వచ్చానోయ్," అన్నారు ముందుగా ఆయనే.

"నేనూ అంతేనండీ."

ఇద్దరం చాలా శాస్త్రీయంగా తలలూపుకున్నాం. అంతలో తాత లోపలి నుంచి కేకేశాడు. "రండి మాస్టారూ! పోయినసారి తీసిన పురుగు మళ్ళీ గుడ్లు పెట్టిందా ఏంటి?"

తిరుగు బస్సులో మాస్టారు నాకు ఎడమవైపు కూర్చున్నారు. వినపడక సీటు మారమన్నాను. మారితే ఆయనకు వినపడలేదు. ఇద్దరిదీ ఎడమ చెవే. పక్కపక్కన కూర్చుంటే ఎవరో ఒకరు నష్టపోవాల్సిందే. చివరికి నేనే నష్టపోయి, మెడ తిప్పి అడిగాను. "ఎన్నాళ్ళ నుంచండీ?"

"మనం మొట్టమొదట మైకు అద్దెకు తెచ్చినప్పటి నుంచి."

"మరి నాది భ్రమ అన్నారేంటండీ?"

ఆయన కిటికీలోంచి చూస్తూ, "నీది నిజమైతే నాదీ నిజమవుద్ది కదోయ్. చెవిటాణ్ణి వేదిక ఎవరు ఎక్కిస్తారు?" అన్నారు. దేవుడికి భయపడని మనిషి కుర్చీకి భయపడ్డాడు. నాకు కోపం రావలసింది. రాలేదు, ఎందుకంటే నా తలకి చుట్టుకున్న గుడ్డ కూడా అదే భయం.

ఇప్పుడు మాస్టారు లేరు. నా రెండో చెవీ వయసుతో పాటు మందగించింది. చెవి డాక్టరు నా వినికిడి కొలిచి గీసిన గీత కొండ మీంచి దొర్లిన రాయిలా కిందికి దిగింది. చెవి లోపలి సన్నని కణాలు చచ్చిపోతే, అందాల్సిన శబ్దం అందక, ఆ ఖాళీని మెదడే ఈలతో నింపుకుంటుందని చాలామంది శాస్త్రజ్ఞుల ఊహట. ఆపే మందు లేదు. చెవికి మిషన్ పెట్టుకోండి, నిశ్శబ్దంలో కూర్చోకండి, ఫ్యాను చప్పుడు తోడుంచుకోండి అన్నాడు. అందుకే మా ఊరి బ్యారేజీ గేట్లెత్తినప్పుడు వెళ్ళి నిలబడతాను. ఆ నీటి హోరులో కాసేపు నా ఈల మునిగిపోతుంది. కోళ్ళకు చచ్చిన ఆ కణాలు మళ్ళీ మొలుస్తాయని కూడా చెప్పాడు. పందెంలో ఓడి కూరైపోయే కోడికి ఉన్న వరం, ప్రశ్నించే మనిషికి లేకపోయింది. ఆ కిటుకు రేపెవరైనా పట్టుకుంటారేమో. పట్టుకునేదాకా గొట్టం తాతల బేరానికి ఢోకా లేదు.

మొన్న సంఘం కొత్త కార్యదర్శి ఫోన్ చేశాడు. శబ్ద కాలుష్యం మీద సభట, నేను అధ్యక్షుణ్ణట. "మీకు సరిగ్గా వినపడదని తెలుసు సార్. అందుకే పెద్ద స్పీకరు మీ కుర్చీ పక్కనే పెట్టిస్తున్నాం," అన్నాడు ప్రేమగా. నవ్వొచ్చింది. నాబ్ నొక్కిపట్టుకుని, ఛాతీ విరుచుకుని, లోకాన్ని మార్చేస్తున్నాననుకుంటున్న ఆనాటి కుర్రవాడు కళ్ళ ముందు నిలబడ్డాడు. పక్కకు జరగరా అని కేకేద్దామనిపించింది. ఏం లాభం? వాడికి వినపడదు. హారన్ల కింద ఉన్నాడు.