నేను పాస్ చేసిన కన్ను

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది. విజయనగరంలో ఒక కంటి ఆసుపత్రిలో ఫీల్డ్ టెస్ట్ గది నాది. నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా, చూపుని ఎంతవరకు తినేసిందో తేల్చే పరీక్ష అది. రోగి గిన్నెలాంటి మిషన్‌లో తల పెట్టి ఎదురుగా ఉన్న చుక్కనే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలోని బటన్ నొక్కాలి. వినడానికి ఇంతే. కానీ బడి మొహం చూడనివాళ్ళకు కూడా పరీక్ష అనగానే ఫెయిలవుతామేమోనని బెంగ.

సింహాచలం అనే ఆయన పాతపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. వరి పండిస్తాడు, జాతరలొస్తే తప్పెటగుళ్ళు ఆడతాడు. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని, వాయిస్తూ గెంతుతూ ఆడే ఆట అది. ఆ జట్టుకి ఆయనే పెద్ద. రెండు కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయి, కంటి ప్రెషర్ కూడా ఎక్కువగా ఉంది. వారానికోసారి వైజాగ్ నుంచి వచ్చే డాక్టరుగారు ఫీల్డ్ టెస్ట్ రాశారు.

వెలుగు చూపేటప్పుడల్లా మిషన్ లోపల టిక్కుమని చిన్న చప్పుడవుతుంది. మధ్యమధ్యలో వెలుగు లేకుండా ఉత్త చప్పుడే చేస్తుంది. అప్పుడూ నొక్కితే ఫాల్స్ పాజిటివ్ అని లెక్కేసుకుంటుంది, అంటే కనబడకుండానే నొక్కాడని. సింహాచలం బొటనవేలు తాళం వేస్తున్నట్టు పడుతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దరువుతో బతికినవాడు, మిషన్ దరువునీ పట్టేశాడు. నాకు నవ్వొచ్చింది. నిజానికి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. బయట ఇంకా చాలామంది కూర్చున్నారు. ఇంకోరోజు రమ్మంటే పాపం అంత దూరం నుంచి రావాలి. ఊరుకున్నాను.

లేచి నిలబడి, పాసేనేటని అడిగాడు. పాసే అన్నాను. పిల్లాడిలా సంబరపడ్డాడు.

డాక్టరుగారికి మాత్రం అనుమానం వచ్చింది. ఫాల్స్ పాజిటివ్ ఎక్కువుంది, కంటినరం కూడా బాగున్నట్టు లేదు, ఈ రిపోర్టు నమ్మొచ్చా అని నన్నడిగారు. మొదట్లో కంగారుపడ్డాడు సార్, తర్వాత బాగానే చేశాడన్నాను. జాలితో అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పని తప్పించుకోవడం కూడా అందులో ఉంది. డాక్టరుగారు చుక్కలమందు రాసి ఆర్నెల్లలో రమ్మన్నారు. పాసయ్యాక ఎవరొస్తారు? సీసా అయిపోగానే మందూ మానేశాడు.

రెండేళ్ళ తర్వాత సింహాచలాన్ని తమ్ముడు అప్పన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆటలో అన్న పక్కవాడిని గుద్దుకుని పడిపోయాడట. ఈసారి చప్పుడు పట్టించుకోవద్దని గట్టిగా చెప్పి, పక్కనే నిలబడి టెస్టు చేయించాను. రిపోర్టు నిండా నలుపు, చూపు పోయిన చోటల్లా. కుడికంటికి మధ్యలో రూపాయి బిళ్ళంత తెలుపు మిగిలింది. ఎడమకంటికి అదీ లేదు.

గ్లాకోమా ఆపరేషన్లు ఇప్పుడు చాలా మారాయి. జబ్బు తొలిదశలో ఉంటే, శుక్లం తీసేటప్పుడే కంటిలోని నీరు బయటికి పోయే దారిలో బియ్యపు నూక కన్నా చిన్న గొట్టం పెట్టేస్తారు. దాన్ని స్టెంట్ అంటారు. పెద్ద కోత ఉండదు, మనిషి త్వరగా పనిలో పడతాడు. జబ్బు ముదిరినవాళ్ళకి అది చాలదు. కంటి తెల్లగుడ్డులో కొత్తదారి కోసే పాత పెద్ద ఆపరేషన్, ట్రాబెక్యులెక్టమీ, చెయ్యాల్సి వస్తుంది. ఏది చేసినా ఉన్న చూపుని నిలబెట్టడానికే, పోయింది తిరిగి రాదు.

సింహాచలానికి పెద్దదే చేశారు. చక్కగా జరిగింది, ప్రెషర్ దిగింది. శుక్లం తీయించుకున్న ఊరివాళ్ళందరూ తెల్లారేసరికి చూసేస్తుంటే తనకెందుకు అగుపడటం లేదని ఆయన అడిగాడు. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. అంతా విని తలూపాడు. నేను ఆ గదిలో నిలబడలేకపోయాను.

ఈ జబ్బు ఒకరికుంటే తోడబుట్టినవాళ్ళకీ చూడాలి. అప్పన్నని నా గదిలో కూర్చోబెట్టాం. సింహాచలం పక్కన స్టూలు మీద కూర్చుని, "అగుపడితేనే నొక్కరా. సప్పుడిని నొక్కితే నాలాగే అయిపోతావు," అన్నాడు. అప్పన్నది తొలిదశ. ఆయనకీ శుక్లం ఉంది కాబట్టి, దాంతోపాటే స్టెంట్ పెట్టారు.

నెల తర్వాత చూపించుకోవడానికి ఇద్దరూ వచ్చారు. తమ్ముడు మందుల దగ్గరికి వెళ్ళాక సింహాచలం నన్ను పిలిచాడు.

"మా తమ్ముడికి సేసిన ఆ సిన్న ఆపరేషను, నాను మొదట్లో వచ్చినప్పుడు నాకూ సరిపోయుండేదేటి బాబూ?"

తెలియదని చెప్పొచ్చు. డాక్టరుగారిని అడగమనొచ్చు.

"సరిపోయుండేదేమో బాబాయ్. మీరు చప్పుడు విని నొక్కుతున్నారని నాకు అప్పుడే తెలుసు. మళ్ళీ చెయ్యకుండా పాసన్నాను."

ఆయన నావైపే మొహం తిప్పాడు.

"నాను బయమేసి నొక్కినాను. నీకేటి బయం బాబూ?"

అప్పన్న వచ్చి అన్నని నడిపించుకుపోయాడు. ఆ సాయంత్రమే డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది, తల పట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు బటన్ చేతికిచ్చే ముందే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. ఇందులో పాసూ ఫెయిలూ లేవు, చాలా వెలుగులు మంచి కళ్ళకి కూడా కనబడవు, కనబడనప్పుడు ఊరుకోవడమే సరైన పని అని. అయినా రిపోర్టు మీద నమ్మకం కుదరకపోతే మళ్ళీ చేయిస్తాను, వీలుకాకపోతే ఇంకోరోజు రమ్మంటాను. మొహం మీదే తిట్టేవాళ్ళున్నారు. నేను మంచివాడిననిపించుకోవడానికి ఒక మనిషి చూపు ఖర్చయింది. ఆ తిట్లు పడటం దానికన్నా తేలిక.