నాలుగో నంబరు బస్సును చెరువులో ముంచిన ఉబేద్

తన గురించి తాను చెప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఉబేద్‌కు ముందు నవ్వొచ్చేది. సంగారెడ్డి పాత బజారులో వాళ్ళ నాన్న తౌహీద్ మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేసేవాడు. ఉబేద్ ఐటీఐ చదివి పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. కొన్నేళ్ళు మోటార్లు విప్పి బిగించాక, ఫోనులో వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నది గుప్పెడు, చెప్పుకున్నది గంపెడు. ఈ మాట ఇంకెవరో అన్నది కాదు, అతనే అంటాడు.

ఆ గంపెడు మాటలు నమ్మి మేనేజరు రాజశేఖర్ అతనికి ఒక పని అప్పజెప్పాడు. షిఫ్టు బస్సులు ఎక్కడున్నాయో కార్మికులకు ఫోనులో కనిపించాలి, గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో పెద్ద తెర మీదా కనిపించాలి. ఉబేద్ చేసి చూపించాడు కూడా. డ్రైవరు ఫోను నుంచి బస్సు ఉన్న చోటు సర్వరుకు వస్తుంది. అక్కడ దాన్ని డిస్కు మీద కాక మెమరీలోనే ఉంచుకునే డేటాబేసులో పెడతారు. అందుకే అడిగిన క్షణంలో జవాబిస్తుంది. అయితే బస్సుకు ఒక్క చోటే గుర్తుంచుకుంటుంది. కొత్తది రాగానే పాతది పోతుంది. దాని దృష్టిలో ఆఖరున చెప్పినవాడి మాటే నిజం.

ఆ డేటాబేసుతో మాట్లాడటానికి ఉబేద్ సొంతంగా రాసింది దాదాపు ఏమీ లేదు. ఎవరో పుణ్యాత్ములు రాసి ఊరికే ఇచ్చిన క్లయింట్ లైబ్రరీ ఉంది. ఏ సర్వరు, ఏ పాస్‌వర్డు అని సెట్టింగ్స్ ఫైల్లో రాస్తే చాలు, మిగతా సంభాషణంతా అదే చూసుకుంటుంది. క్యాంటీన్లో మాత్రం ఉబేద్ చెప్పే తీరు వేరు.

"ఒక్కటే లైన్ రాసిన. గంతే, కనెక్ట్ అయింది. తెలివి ఉండాలె బాలరాజన్నా, తెలివి."

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే అదే.

ఆ రోజు పొద్దున, ఇస్నాపూర్ బస్సు తెర మీద కదలడం లేదని ఎవరో ఫిర్యాదు చేశారు. సంగతేమిటో చూద్దామని ఉబేద్ అసలు సర్వరు సెట్టింగ్స్ ఫైలును తన ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకున్నాడు. చూశాడు, సరిచేశాడు, మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నది తనను తానే. ఆ సంబరంలో, ల్యాప్‌టాప్‌లోని ఉత్తుత్తి డేటాబేసును చూపించే తన పాత ఫైలును తిరిగి దాని చోట పెట్టడం మరిచిపోయాడు. మధ్యాహ్నం భోజనం కాగానే అలవాటుగా, తను రాసింది సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష ప్రోగ్రాములన్నీ ఒకసారి నడిపి, అన్నిటికీ పచ్చ టిక్కులు రావడం చూసి, ల్యాప్‌టాప్ మూసి కునుకు తీశాడు.

సెక్యూరిటీ బాలరాజు వచ్చి తట్టి లేపాడు.

"ఉబేద్ బాయ్, జెర జల్దీ రా. నాలుగో నంబర్ బస్సు చెర్వుల ఉన్నది."

"చెర్వు కాడనా?"

"కాడ కాదు బాయ్. చెర్వుల. నడిమిట్ల."

తెర మీద అమీన్‌పూర్ చెరువు నీలంగా పరుచుకుని ఉంది. దాని నట్టనడుమ నాలుగో నంబరు బస్సు బొమ్మ కదలకుండా నిలబడి ఉంది. అమీన్‌పూర్‌లో మొదటి స్టాపులో ఎదురుచూస్తున్న కార్మికుడు మహేష్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడట. బస్సు రాలేదు, ఫోన్లో చూస్తే నీళ్ళల్లో కనిపిస్తోంది అని. బస్సు ఖాళీగా బయల్దేరింది. అందులో ఉన్నది డ్రైవరు నర్సింహ ఒక్కడే. అతని ఫోను మోగడం లేదు, స్విచాఫ్ వస్తోంది.

నర్సింహ భార్య దేవమ్మ ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్లోనే రొట్టెలు చేస్తుంది. ఆమెకు ఎవరు చెప్పారో గానీ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"సారూ, ఇది మీరు చేసిందే గద! నిజమే సూపిస్తదా? తప్పు గిట్ల సూపిస్తదా?"

తగ్గి మాట్లాడటానికి ఉబేద్‌కు అంతకన్నా మంచి అవకాశం ఎప్పుడు దొరకాలి? "తప్పుండొచ్చమ్మా" అంటే సరిపోయేది. కానీ ఆ మాట అతని నోటికి అలవాటు లేదు.

"నేను చేసింది తప్పు సూపియ్యదమ్మా," అన్నాడు గంభీరంగా.

అన్నాక ఆ మాటకు అర్థమేమిటో అతనికే తట్టింది. దేవమ్మ గోడ పట్టుకుని కూలబడింది. "అయ్యో, గట్ల కాదమ్మా" అని ఏదో సర్దబోయాడు. ఏం సర్దుతాడు? సాఫ్ట్‌వేర్ నిజమైతే బస్సు మునిగినట్టు. బస్సు మునగలేదంటే సాఫ్ట్‌వేర్ అబద్ధం. ఆ రెంటిలో ఏది కోరుకోవాలో తేల్చుకోవడానికి తనకు ఒక్క క్షణం పట్టిందని ఉబేద్ ఇప్పటికీ చెప్పుకుని సిగ్గుపడతాడు.

ముగ్గురూ కంపెనీ జీపులో అమీన్‌పూర్ బయల్దేరారు. బాలరాజు నడుపుతుంటే వెనక దేవమ్మ ఏడవకుండా రోడ్డునే చూస్తోంది. ఉబేద్ ముందు సీట్లో కూర్చుని తనకు వచ్చిన దువాలన్నీ చదివాడు. తను చేసిన యాప్ తప్పని తేలాలని దేవుణ్ణి అంతగా వేడుకున్న ప్రోగ్రామరు బహుశా మరొకడు ఉండడు.

చెరువు కట్ట మీద గాలం వేసుకుని ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఉబేద్ జీపు ఆగకముందే దూకాడు.

"తాతా, ఈడ బస్సేమన్న పడ్డదా?"

పెద్దమనిషి అతన్ని కిందికీ మీదికీ చూశాడు. "బస్సా? పొద్దటి సంది ఒక్క చాప గూడ పడలే బిడ్డా."

నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. కొంగలు తమ పని తాము చూసుకుంటున్నాయి. బస్సు ఏ వైపున ఉందో చూద్దామని ఉబేద్ ఫోను తీసి ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు తెరిచాడు. అక్కడ అతని వేలు ఆగిపోయింది. దశాంశం తర్వాత మూడు అంకెలు, ఆపైన అన్నీ గుండు సున్నాలు. నిజంగా ఫోను పంపే అంకెలు అంత నున్నగా ఉండవు, తోకలు తోకలుగా ఉంటాయి. అంత ముచ్చటైన అంకె మనిషి చేత్తో కొట్టిందే. ఆ మనిషెవరో కూడా అతనికి గుర్తొచ్చింది.

పోయిన నెల పరీక్ష ప్రోగ్రాము రాస్తూ, ఉత్తుత్తి బస్సుకు నోటికొచ్చిన నాలుగో నంబరిచ్చి, దాన్ని ఎక్కడ పెట్టాలా అని మాత్రం చాలాసేపు ఆలోచించాడు. రోడ్డు మీద పెడితే నిజం బస్సని ఎవరైనా పొరబడతారని, ఏ బస్సూ పోని చోటు వెతికి మరీ చెరువు నడుమ పెట్టాడు. ఆ రోజు కూడా తన తెలివికి తానే మురిసిపోయాడు. ఇవాళ ఆ పరీక్ష, పొద్దున తెచ్చుకున్న సెట్టింగ్స్ పుణ్యమా అని నేరుగా అసలు డేటాబేసులోకి రాసేసింది. లైబ్రరీ మాత్రం ఏం చేస్తుంది? ఎవరితో మాట్లాడమంటే వాళ్ళతో మాట్లాడింది. నర్సింహ ఫోను ఆగిపోవడంతో ఆ మాటను కొట్టేసే కొత్త మాట రాలేదు.

"దేవమ్మా," అన్నాడు. "బస్సు చెర్వుల లేదమ్మా. నేనే పెట్టిన."

"ఏంది?"

"బస్సును కాదు, బొమ్మను. టెస్టింగ్ కోసం. నా గల్తీ అమ్మా."

దేవమ్మ అతన్ని తేరిపార చూసింది. "అయితే మా ఆయన ఏడున్నడు?"

అది ఉబేద్ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. బస్సు ఏ దారిన వస్తుందో తెలిసిన బాలరాజు జీపు ఎక్కమన్నాడు. ఊరి మలుపు తిరగ్గానే పంక్చర్ షాపు ముందు నాలుగో నంబరు బస్సు జాకీ మీద ఉంది. నర్సింహ బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. దేవమ్మ జీపు దిగీ దిగగానే అతని చేతిలో గ్లాసు లాక్కుంది.

"ఫోన్ ఏమైంది నీకు?"

"చార్జింగ్ అయిపోయింది. గీ సారు పెట్టిన యాప్ బ్యాటరీ మొత్తం తింటది," అన్నాడు నర్సింహ ఉబేద్ వైపు చూపించి. "నువ్వేంది ఈడికొచ్చినవ్? పిండి చేతులేంది?"

"నువ్వు మునిగినవని వచ్చిన!" అని ఆమె అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే వీపు మీద రెండు వేసింది. బస్సు ఎందుకు చెరువులో కనిపించిందో ఉబేద్ చెప్పబోతే నర్సింహ సగంలోనే ఆపేశాడు.

"ఆగు బాయ్. నేను సచ్చిననా, బతికిన్ననా? అది ఒక్కటి జెప్పు, కంప్యూటర్‌ల ఏమని ఉన్నది?"

పంక్చర్ షాపు అతనితో సహా అందరూ నవ్వారు. ఉబేద్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

సాయంత్రం రాజశేఖర్ పిలిచి అడిగితే ఉబేద్ లైబ్రరీ మీదికో సర్వరు మీదికో తోయలేదు. తోయాలని నాలుక దాకా వచ్చిందని మాత్రం ఒప్పుకుంటాడు. మరుసటి రోజు నుంచి తన ల్యాప్‌టాప్‌కు అసలు డేటాబేసు తలుపులు మూసేశాడు. పరీక్షలకు వేరే సర్వరు, వేరే పాస్‌వర్డు పెట్టాడు. బస్సు నుంచి కాసేపు కబురు రాకపోతే ఆ పాత చోటు దానంతటదే చెరిగిపోయి, తెర మీద 'తెలియదు' అని వచ్చేట్టు చేశాడు. తన ప్రోగ్రాము చేత 'తెలియదు' అనిపించడం తనకు నిజంగా కష్టమైందని, అది కోడు రాయడంలో వచ్చిన కష్టం కాదని అంటాడు.

తర్వాత కొన్నాళ్ళకు కంపెనీ అంబులెన్సును కూడా తెర మీదికి తెమ్మన్నారు. ఉబేద్ కలిపాడు. తెర మీద అంబులెన్సు గేటు పక్కన నిలబడి కనిపించింది.

"వచ్చిందా బాయ్?" అని బాలరాజు అడిగాడు.

"ఆగన్నా," అని ఉబేద్ కుర్చీ లోంచి లేచి, చెప్పులు వేసుకుని, బండి నిజంగా అక్కడ ఉందో లేదో చూడటానికి గేటు బయటికి నడిచాడు.