గీత లేకుండా నడుస్తదా?

గోరంత కూడా లేని ఒక గీత మా అవ్వ పరువును బస్సెక్కించి, హైదరాబాదు దాకా తీసుకెళ్లి, నలుగురి ముందు తీసిన కథ ఇది. నిజం చెప్పాలంటే ఇందులో గీత తప్పేమీ లేదు. అసలు అది అక్కడ లేనే లేదు. లేకుండా చేసింది నేను. చదివాక మీరు ఎవరి పక్షం వహించినా నాకు అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇప్పటికే అందరూ గీత పక్షమే.

కరీంనగర్‌లో మాది పిండివంటల దుకాణం. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని మా బాపు చెప్పుకునేవాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే డాక్టరు మూడు ఇంజక్షన్లు రాశాడు. "రెండిటికి చేసుకోరాదు సార్?" అని మంచం మీది నుంచే అడిగాను. ఆయన నవ్వి రెండే చేశాడు. జ్వరం ఇంకో వారం ఉంది. అయితేనేం, బేరం గెలిచానా లేదా?

దుకాణానికి పేరు తెచ్చింది మాత్రం నా బేరం కాదు, మా అమ్మ, అంటే అవ్వ, చుట్టే సకినాలు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, ఉతికిన తెల్లబట్ట మీద వేళ్లతో చుట్లు తిప్పుతుంది. ఆ గదిలోకి అడుగు పెట్టాలంటే మోచేతుల దాకా, మోకాళ్ల దాకా కడుక్కోవాలి. పిండి దగ్గర మాట్లాడకూడదు. తుమ్ము వచ్చేలా ఉన్నవాళ్లు ముందే సెలవు చెప్పాలి. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరునే "కాళ్లు కడుక్కొని రా బిడ్డా" అని వాకిట్లోకి పంపింది. ఆయన కడుక్కొని వచ్చాడు కూడా.

ఏడెనిమిదేళ్ల కింద, వెండి తీగ పని వస్తువులు కొనడానికి మా ఊరొచ్చిన ఒక ఫ్రెంచాయన దారిలో మా దుకాణం ముందు ఆగాడు. ఒక సకినం కొరికాడు. కళ్లు మూసుకున్నాడు. తనకు హైదరాబాదులో బేకరీ ఉందనీ, నలభై పొట్లాలు తెస్తే తన దగ్గర పెట్టి చూస్తాననీ, నచ్చితే నెలనెలా తీసుకుంటాననీ ఇంగ్లీషులో చెప్పాడు. "మా గిరాకీలు చాలామంది మా దేశం వాళ్లే. ఇదేమిటో పొట్లం మీద ఫ్రెంచిలో ఒక ముక్క రాయించండి" అన్నాడు.

ఆ సాయంత్రానికల్లా అవ్వ వాడకట్టంతా తిరిగొచ్చింది.

"నా సకినాలు ఫ్రాన్సోల్లు తింటరట" అంది ఇంటింటికీ. "నా ఫోటో సుత ఏస్తరట."

ఫోటో సంగతి ఎవరూ అనలేదు. కానీ చెప్పేసింది కాబట్టి ఇక వెయ్యక తప్పదు. సకినాలు వెనక్కి వస్తే అవ్వ వాడలో తలెత్తుకోలేదన్న సంగతీ అప్పుడే ఖాయమైపోయింది.

రెండు ముక్కల ఫ్రెంచి ఎవరినైనా అడిగి రాయించుకుంటే అయిపోయేది. కానీ ఫోన్‌లో ఒక ఫ్రెంచి క్లాసు కనబడింది, మొదటి నెల ఉచితం. రెండు ముక్కలు కొనే చోట భాష మొత్తం ఉత్తగా వస్తుంటే వదులుకునే రకమా నేను?

రెండో రోజే మేడమ్ అక్షరాల మీది గీతలు చూపించారు. ఎడమకు వాలేది ఒకటి, కుడికి వాలేది ఒకటి, టోపీ ఒకటి, రెండు చుక్కలు, కింద ఒక తోక.

"మొత్తం ఎన్ని మేడమ్?"

"ఐదు."

"ఐదు జర ఎక్కువైతున్నయ్. రెండిటికి ఖాయం చేద్దాం."

"రమేశ్ గారూ, ఇది కూరగాయల బండి కాదండీ."

"పోనీ, మూడు. మీ మాటా వద్దు, నా మాటా వద్దు."

ఆమె తెర మీద కాసేపు కదలకుండా ఉండిపోయారు. నెట్టు ఆగిందనుకున్నాను. నెట్టు బాగానే ఉందట.

లోపల మాత్రం నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను. అక్షరం సరుకు, గీత కొసరు. తూచిన సరుకు మీద దుకాణదారు చిటికెడు ఎక్కువ వేస్తాడు చూడండి, అది. వేస్తే సంతోషం, వెయ్యకపోతే కేసు పెట్టేవాడెవడు?

రాయాల్సిన ముక్క తేలికైనదే. సకినం ఉప్పు వంటకం కాబట్టి "బిస్క్వీ సలే", అంటే ఉప్పు బిస్కెట్టు. కింద "ఫే పార్ మా మేర్", మా అమ్మ చేసింది. సలేలో చివరి e మీద గీత ఉండాలి, ఇలా: é. ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని, కుడిపక్క అంకెల్లో 0233 కొడితే వస్తుందన్నారు మేడమ్. మా దుకాణం కంప్యూటర్లో కుడిపక్క మూడు మీద అరిసెల పాకం పడి, అది కదలడం మానేసి ఏడాదైంది. ఇంకో దారి ఉంది, 130. అందులోనూ మూడే! కుడికి వాలే గీతకు 0232, టోపీకి 0234. ఫ్రెంచి వాళ్ల e లన్నీ మూడు మీదే కాపురం పెట్టాయి. పైవరుసలో ఉన్న మూడును బతిమాలాను. ఆ పని నాది కాదంది, అచ్చం ప్రభుత్వాఫీసులో పక్క బల్ల గుమస్తాలాగా.

చివరికి, పక్కింట్లో తోడు పెరుగు అడిగి తెచ్చుకున్నట్టు, ఇంటర్నెట్టులో ఎవరిదో ఒక é ని కాపీ కొట్టి తెచ్చుకున్నాను. తెర మీద ముద్దొచ్చేలా కూర్చుంది. కానీ మా దగ్గరున్నది ధరల చీటీలు కొట్టే చిన్న మిషను. దానికి ఇలాంటి షోకులు తెలియవు. గీత ఉన్న అక్షరం వచ్చినప్పుడల్లా ప్రశ్నార్థకం కొట్టింది. "బిస్క్వీ సల్?" ఉప్పు వేశామో లేదో మాకే అనుమానమున్నట్టు!

మేడమ్‌కు ఫోన్ చేశాను.

"మేడమ్, పెద్ద అక్షరాలల్ల రాస్తే గీత లేకుండా నడుస్తదా?"

"పెద్ద అక్షరాల్లో కొంతమంది వదిలేస్తారు, సరే, కానీ..."

ఫోన్ పెట్టేశాను. బేరంలో "సరే" వినబడ్డాక ఇంకో మాట వినకూడదన్నది మా దుకాణం నియమం. వింటే అవతలివాడు మనసు మార్చుకుంటాడు.

చీటీలు చకచకా వచ్చాయి. పైన పట్టుచీరలో అవ్వ నవ్వు ముఖం. కింద BISCUIT SALE. దాని కింద FAIT PAR MA MERE. అవ్వ ఒకటి తీసుకుని దేవుడి పటం పక్కన అంటించింది.

బేకరీకి తానూ వస్తానంది. ఫోటోలో ఉన్న చీరే కట్టుకుంది, గుర్తుపట్టాలి కదా. ఫ్రెంచాయన పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. చీటీ చూశాడు. అవ్వను చూశాడు. మళ్లీ చీటీ చూశాడు.

"ఈమె మీ అమ్మగారేనా?" అన్నాడు ఇంగ్లీషులో, గొంతు తగ్గించి.

"అవును."

"ఇలా రాసినట్టు ఆమెకు తెలుసా?"

"ఆమె కోసమే రాసినం!"

ఆయన ముఖం ఎర్రబడింది. సరుకు నచ్చనట్టు నటించి ధర దించే ఎత్తుగడ ఇది, నేను ఇలాంటివి ఎన్ని చూడలేదు! కాబట్టి గొంతు పెంచి, గీత లేని చివరి e పలకదని మేడమ్ నేర్పిన నియమం ప్రకారం, చీటీని నిక్షేపంగా చదివాను.

"బిస్క్వీ సాల్, మొస్యూ! ఫే పార్ మా మేర్!"

బేకరీలో కూర్చున్న ఇద్దరు ఫ్రెంచివాళ్లు ఇటు తిరిగారు. ఒకాయన కొరకబోతున్న రొట్టెను పళ్లెంలో పెట్టేశాడు.

"ఏమంటుండురా?" అంది అవ్వ.

"నచ్చిందట."

"నచ్చినోని ముఖం గిట్లుంటదా?"

అవ్వకు నమ్మకం కుదిరేలా మేడమ్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. చీటీ మీద ఉన్నది అక్షరం అక్షరం చదివాను. మేడమ్ పెట్టిన కేక బేకరీ అంతా వినబడింది.

"అయ్యో, రమేశ్ గారూ! గీత తీసేస్తే సలే కాదండీ, సాల్! సాల్ అంటే మురికి! 'మురికి బిస్కెట్టు, మా అమ్మ చేసింది' అని రాశారండీ! నేను 'కానీ' అంటుంటే ఫోన్ పెట్టేస్తిరి!"

అవ్వ నా వైపు తిరిగింది. ఆఫీసరుతో కాళ్లు కడిగించిన చూపు అది.

"నేను మురికిదాన్నారా?"

"నువ్వు కాదవ్వా, బిస్కెట్టు..."

"నా చేతుల మీద రాసినవ్, నా ముఖం కింద రాసినవ్. పెన్ను దే."

ఇచ్చాను. ఆమె ఫ్రెంచాయన ముందు ఒక పొట్లం పెట్టి, e మీద పెన్ను ఆనించి, "ఎటు వాలాలె?" అన్నట్టు తల ఊపింది. ఆయన వేలితో గాలిలో గీసి చూపించాడు. మా అవ్వ అక్కడే కూర్చుని నలభై పొట్లాల మీద నలభై గీతలు గీసింది, ఒక్కటీ వంకర పోకుండా. జీవితమంతా సకినాలు చుట్టిన చెయ్యి అది. రొట్టె పక్కన పెట్టినాయన లేచి వచ్చి, మొదటి పొట్లం తనే విప్పుకున్నాడు. ఇంకోటి అడిగాడు.

నెలనెలా పంపమన్నాడు ఫ్రెంచాయన. ఒకే షరతు, గీత అమ్మగారే గీయాలి.

బయటికొచ్చాక నేను ధైర్యం చేసి నవ్వాను. అవ్వ నవ్వలేదు. సంచిలో మిగిలిన ఒక్క చీటీ తీసి, తన ఫోటో ఉన్న ముక్క చించి దాచుకుని, మిగతాది నా చొక్కా మీద అంటించింది.

"గీడ గీత అక్కర్లే. రాసింది రాసినట్టే ఉన్నది. మురికిది, అవ్వ చేసింది."

కరీంనగర్ దాకా తీయనివ్వలేదు. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టర్ నా ఛాతీ మీద SALE అన్న అక్షరాలు చదివి ఆగాడు.

"ఏందవ్వా, కొడుకును సేల్‌కు పెట్టినవా? ఎంతకిస్తవ్?"

"ఉత్తగనే తీస్కపో బిడ్డా" అంది అవ్వ, బేరం లేకుండా.

ఇకపై ఏ భాష అక్షరాలతోనూ బేరమాడనని ఆ బస్సులోనే ప్రమాణం చేశాను. తెలుగులోనే చేశాను. దీర్ఘాలు, ఒత్తులు, సున్నాలు అన్నీ పెట్టి, ఒక్కటి కూడా తగ్గించమని అడగకుండా.