లాంచీ మీద మా పెద్దక్క వేసిన బంతి

మా పెద్దక్క పోయిందన్న కబురు, మేము తరువాత కాపురం మార్చిన పరకాలకు మా వరంగల్లు దుకాణం గుమస్తా తెచ్చాడు. వరంగల్లు బస్సు దిగి నేరుగా ఇంటికొచ్చి, గడప ముందు నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని చెప్పాడు. నేను నమ్మలేదు. "నువ్వు కండ్లార చూసినవా, ఎవలన్న చెప్తె విన్నవా?" అని అడిగాను. "చూసిన్నమ్మా" అన్నాడు. "ఏ చీర కట్టి ఉన్నది?" అన్నాను. అప్పుడు తెలిసింది, ఆ అడగడం నాది కాదు, ఆమెది. తన చావు కబురు తనకే తెచ్చినా ఆమె ఇట్లాగే నిలదీసేది. ఆ గడప మీదనే కూలబడి ఏడ్చాను.

మా అత్తగారికి ముగ్గురు కొడుకులు. ముగ్గురు కోడళ్లలో ఆమె పెద్దది, నేను చిన్నదాన్ని. తోడికోడళ్లను మా దిక్కు యారాళ్లు అంటారు. వరుసకు యారాలు, పిలుపుకు అక్క. వరంగల్లు బజారులో మిరపకాయల, చింతపండు వ్యాపారం మాది. కొడుకులు, కోడళ్లు, మేనత్తలు, పండుగకని వచ్చి పండుగ దాటినా కదలని చుట్టాలు, అందరికీ ఒకటే పొయ్యి. ఆ పొయ్యి పెద్దక్క చేతిలో ఉండేది.

ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు. పాలు పోసేవాడు చెంబు వంచితే, చెంబు అడుగు తడిమి చూసేది. చాకలి తెచ్చిన బట్టలు తనవే అయినా వాసన చూసేది. ఇంట్లోకి గోడ గడియారం కొన్నప్పుడు ఇల్లంతా దాని ముందు నిలబడి మురిసిపోతుంటే, ఆమె వాకిట్లోకి పోయి నీడ చూసుకొని వచ్చి, "ఏమో, గిది జర తొందరపడుతాంది" అన్నది. నిజంగానే తొందరపడుతుందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ తరువాత మాత్రం మా పెద్ద బావగారు గడియారం చూసినప్పుడల్లా ఒకసారి నీడ కూడా చూసేవారు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "పిల్లా, నిన్ను నేను నమ్మను. బుగులు పడకు. నేను ఎవల్నీ నమ్మను." పదహారేళ్ల పిల్లకు ఆ మాట ఎట్లా వినబడుతుందో ఆలోచించండి. ఘన్‌పూర్‌లో మా అమ్మకు చెప్పి ఏడ్చాను. ఆ ఇంట్లో నాకు దొరకబోయే మంచిమాట అదే అని అప్పుడు నాకెట్లా తెలుస్తుంది?

రెండేళ్లు గడిచాక మా ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టేది కాదు, మనిషి చిక్కి సగమైపోయాడు. తరువాత దవాఖానలో అది కడుపులో పుండని తేల్చారు, నయమూ అయింది. కాని అప్పుడు మా అత్తగారికి ఒకటే తోచింది. నేను మందు పెట్టానని. మొగుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి పెండ్లాం తిండిలో ఏదో కలిపి పెడుతుందని మా దిక్కు గట్టిగా నమ్ముతారు. మందు పెట్టేవాళ్లున్నట్టే, దాన్ని కక్కించేవాళ్లూ ఉన్నారు. అట్లాంటివాణ్ణి ఒకణ్ణి పిలిపించారు. వాడు ఏదో పసరు తాగించి, కక్కించి, కక్కినదాంట్లోంచి వెంట్రుకలు చుట్టిన నల్లటి ఉండ ఒకటి తీసి చూపించాడు. ఇంటిల్లిపాదీ నావైపు తిరిగి చూశారు. పెద్దక్క ఒక్కతే వాని చేతులవైపు చూసింది.

"వాని గోర్ల కింద ఏమున్నదో ముందుగల్ల ఎవలన్న చూసిన్రా?" అని అడిగింది.

ఎవరూ చూడలేదు. ఆమె మాట కూడా ఎవరూ పట్టించుకోలేదు. ఆమె అనుమానాలకు ఇల్లంతా అలవాటుపడిపోయి ఉంది.

ఆనాటినుంచి నన్ను పొయ్యి దగ్గరికి రానీయలేదు. నేను ముట్టిన చెంబుతో ఎవరూ నీళ్లు తాగలేదు. మందు అన్న మాటనే ఇంట్లోంచి తీసేశారు. పిల్లలకు దగ్గు మందు కావాలంటే "దవాఖాన సీసా" అనేవారు, నేను వింటానని. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నా తరఫున ఒక్క మాటా అనలేదు. చివరికి మా అత్తగారు తేల్చి చెప్పారు. కొడుకు బతికితే ఆలుమగలను భద్రాచలం తెస్తానని ఆమె అంతకుముందే మొక్కుకున్నారు, ఆయన కొంచెం తేరుకున్నాడు కనుక ఆ మొక్కు తీరేదాకా దంపతులు కలిసి ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు అందరూ వరంగల్లులో దిగుతారు, నన్ను మాత్రం అదే బండిలో ఘన్‌పూర్‌కు తీసుకపోయి పుట్టింట్లో దింపేస్తారు. మళ్లీ తీసుకరావడం ఉండదు.

రాజమండ్రిదాకా రైలు, అక్కడినుంచి గోదావరి మీద లాంచీ. లాంచీ ఎక్కాలని అత్తగారికి ఎన్నాళ్లనుంచో కోరిక. అంతమందికి దారిపొడుగునా తిండి చూసుకునే భారం పెద్దక్కదే. లాంచీలో పూటకూళ్ల వంట ఉంటుందంటే ఆమె వినను కూడా వినలేదు. బియ్యం, పప్పు, పొడులు, బొగ్గులు, ఇనుప పొయ్యి, అన్నీ మూటలు కట్టింది. ఇంటికి వచ్చే ధర్మసాగరం చెరువు నల్లా నీళ్లు ఇత్తడి బిందెలకు పట్టి, మూతులకు గుడ్డలు బిగించింది.

"గోదావరికి పోతూ నీళ్లు మోసుకపోతవా?" అని అత్తగారు నోరు నొక్కుకున్నారు.

"గోదారి నీళ్లు తానానికి, అత్తమ్మా. తాగుటానికి మనయి మనకుండాలె" అన్నది పెద్దక్క.

లాంచీలో పొయ్యి వెలిగించడానికి వెనక భాగంలో ఒక్కచోటే ఒప్పుకున్నారు. పైన కూర్చునే చోటు ఇరుకు. మూడు బంతులుగా తినాలి. గాలికి విస్తరాకులు ఎగిరి గోదావరిలో పడతాయని ఇంటి దగ్గరే అనుమానపడి, చింతగింజలు పోసి చిన్నచిన్న గుడ్డసంచులు కుట్టుకొని వచ్చింది. ఆకు మూల మీద ఒక్కొక్కటి పెడితే ఆకు కదిలేది కాదు. లాంచీవాళ్లు కూడా వచ్చి అబ్బురంగా చూశారు.

అన్నిటికన్నా విచిత్రం ఆమె పెట్టిన కట్టుబాటు. వండినవాళ్లు వడ్డించకూడదు. వడ్డించేవాళ్లు దేవుడికి చూపించాక, ఆ గిన్నెలోంచి ఒక ముద్ద పక్కన ఆకులో పెట్టుకొని తిని, చేయి కడుక్కొని అప్పుడు వడ్డించాలి. యారాళ్లం ముగ్గురం పూటకొకరం వండాలి. ముగ్గురం అన్న మాట వినగానే అత్తగారు లేచారు.

"దాని చేత వండిస్తవా?"

"వండిస్త. నేను గూడ వండుత. నా గిన్నెల ముద్ద గూడ ముందుగల్ల వేరేటోళ్లే తింటరు" అన్నది పెద్దక్క. "నువ్వు చారు పెడితె, అత్తమ్మా, నీ చారు గూడ గంతే."

ఆ మాటకు అత్తగారి మొహం ఎట్లా మారిందో నేను చెప్పలేను. నేను పొయ్యి వెనక దాక్కొని ఉన్నాను.

మొదటి పూట పెద్దక్క వండింది, రెండో పూట నడిమి యారాలు. మూడో పూట నా వంతు వచ్చేసరికి ధర్మసాగరం నీళ్లు అయిపోయాయి. లాంచీలో పీపా ఉంది, అందులోంచి ముంచి ఒక లాంచీ మనిషి బిందె నింపి ఇచ్చాడు. గోదావరి జిల్లావాడు, ప్రతి మాటకూ అండి తగిలించేవాడు. "మందేసిన నీళ్లేనండి, ఏం బయం లేదండి, తాగండమ్మా" అన్నాడు. నీళ్లు కొంచెం గులాబీ రంగులో ఉన్నాయి. ఆ నీళ్లతోనే అన్నం, పప్పు వండాను. అన్నం తెల్లగా రాలేదు, మాసిన బట్టలా వచ్చింది.

వడ్డించేది నడిమి యారాలు. ఆమె తన ముద్ద తిన్నది. మగవాళ్ల బంతి కూర్చుంది. అప్పుడే లాంచీ ఏదో రేవు దగ్గర ఆగి, ఇంజను చప్పుడు ఆగిపోయింది. నడిమి యారాలి చిన్నబిడ్డ గ్లాసు ఎత్తి ఎండలోకి చూసి, "చిన్నమ్మా, నీళ్లు ఎర్రగున్నయేంది?" అని అడిగింది.

"మందేసిన నీళ్లు, బిడ్డా" అన్నాను నేను.

ఇంజను తిరుగుతుంటే ఆ మాట పిల్లకు కూడా సరిగా వినిపించేది కాదు. లాంచీ అంతా వినిపించింది. మాతో వచ్చిన మేనత్త చేతిలోంచి నీళ్ల చెంబు జారింది. నడిమి యారాలు తిన్న ముద్ద ఉమ్మేయడానికి లాంచీ అంచు కటకటాల వైపు పరుగెత్తింది. మా నడిమి బావగారు ఆకు ముందునుంచి లేచిపోయారు. మా ఆయన లేవలేదు, తినలేదు. అన్నం మీద చేయి పెట్టి అట్లాగే ఉండిపోయాడు.

"విన్నరా? దాని నోటితోనే చెప్పింది. మొత్తం గోదార్ల పారబొయ్యిండ్రి" అన్నారు అత్తగారు.

నేను ఏం చెప్పినా మందు అన్న మాట మళ్లీ అనాలి. పెద్దక్క నన్ను ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా, లాంచీ మనిషిని పిలిపించింది.

"ఏం మందేసినవయ్యా?"

"కలరా మందండి. సర్కారోళ్లు రేవులో అన్ని పడవలకీ ఏశారండి."

"నువ్వు తాగు."

తాగాడు.

"ఇంకో చెంబు తాగు."

తాగాడు. "నీ పిల్లలకు గూడ గివే నీళ్లు పోస్తవా?" అని అడిగింది. "ఆయ్, ఇయ్యేనండి" అన్నాడు, పాపం, ఏ తప్పు చేశాడో తెలియక.

"వాడు దాని మాట మీద ఉన్నడు" అన్నారు అత్తగారు.

పెద్దక్క కొంగు నడుముకు చుట్టింది. "ఉండచ్చు, అత్తమ్మా. నేను వాన్ని నమ్మను. దీన్ని నమ్మను. నిన్ను గూడ నమ్మను, ఏమనుకోకు. అందరి మీద ఉంటె అది అనుమానం. ఒక్కదాని మీదనే ఉంటె అది అనుమానం గాదు, పగ."

ఆ మాట అంటూనే పోయి నడిమి బావగారు లేచిపోయిన ఆకు ముందు కూర్చుంది. మగవాళ్ల బంతిలో, తన భర్త కూర్చున్న వరుసలో, ఆ ఇంటి పెద్ద కోడలు. అట్లాంటిది మా ఇంట్లో ఎవరూ ఎరుగరు. "నువ్వే ఎయ్యి" అన్నది నాతో. తన కట్టుబాటు తనే దాటింది.

నేను వేసిన అన్నం ఆకు మీద సగం, చాప మీద సగం పడింది. ఆమె కలుపుకొని తిన్నది. అందరూ ఆమె గొంతువైపే చూస్తున్నారు, ఇప్పుడేమన్నా అవుతుందేమోనని. మా పెద్ద బావగారైతే లేవడానికి సిద్ధంగా ఒక మోకాలు పైకెత్తి పెట్టుకున్నారు. ఆమె నిదానంగా నమిలింది. "పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నది. మళ్లీ వేయించుకుంది. చారు పోయించుకుంది. అన్నీ అయ్యాక పక్కకు తిరిగి మా ఆయనతో అన్నది:

"తమ్మీ, నేను సచ్చేదాక సూస్తవా? నీకు ఆకలైతలేదా?"

మా ఆయన తల వంచి తినడం మొదలుపెట్టాడు. తింటుంటే ఆయన కళ్లవెంట నీళ్లు ఆకులో పడ్డాయి. పిల్లలు, ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అత్తగారు ఒక అరటిపండు ఒలుచుకొని గోదావరివైపు తిరిగి తిన్నారు.

ఆ పూటతో అంతా మారిపోయిందని మీరు అనుకుంటే పొరపాటు. భద్రాచలంలో మొక్కు తీరింది, దర్శనమూ అయింది. అత్తగారు నాతో మాట్లాడలేదు, తన నిర్ణయం గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్దక్క కూడా నన్ను ఓదార్చలేదు. ఓదార్చడం ఆమెకు రాదు. తిరుగు రైలులో కిటికీ దగ్గర కూర్చొని, ప్రతి స్టేషన్‌లో అమ్ముకునేవాళ్ల బుట్టలలోకి అనుమానంగా చూస్తూ వచ్చింది.

వరంగల్లు స్టేషన్‌లో అందరూ దిగారు. మూటలు, పొయ్యి, ఉత్త బిందెలు దింపారు. నేను దిగలేదు. నాతో ఘన్‌పూర్‌దాకా రావలసిన నడిమి బావగారు కూడా దిగలేదు. కాళ్ల దగ్గర నా రేకుపెట్టె ఉంది. మా ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి బండి చక్రాలు చూస్తున్నాడు. అత్తగారు ముందుకు నడవమని అందరికీ చేయి ఊపారు.

అప్పుడు పెద్దక్క జనాన్ని తోసుకుంటూ మళ్లీ బండెక్కింది.

"నీ పెట్టె గిదేనా?" అన్నది. అవునన్నాను. తాళం లాగి చూసింది, గట్టిగానే ఉంది. వంగి, రెండు చేతులా ఎత్తి, నెత్తిన పెట్టుకుంది. వరంగల్లు బజారులో అందరికీ తెలిసిన ఇంటి పెద్ద కోడలు. నడిమి బావగారు లేచి నిలబడ్డారు. కింద కూలీ ఒకడు పరుగున వచ్చి చేతులు చాపాడు.

"జరుగు. నీ మీద నాకు నమ్మకం లేదు" అన్నది, బండి దిగుతూ.

వెనక్కి తిరిగి నన్ను రమ్మని పిలవలేదు. ఒక చేత్తో పెట్టె పట్టుకొని, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని, మెడ నిటారుగా పెట్టి, ప్లాట్‌ఫారం మీద నేరుగా అత్తగారికి ఎదురు నడిచింది. అత్తగారు నిలబడ్డారు. ఆ పెట్టె దగ్గరికి వచ్చింది, ఇంకా దగ్గరికి వచ్చింది. అత్తగారు పక్కకు జరిగి దారి ఇచ్చారు. గార్డు ఈల వేశాడు. నేను కదలబోతున్న బండిలోంచి దిగి, మా ఆయన పక్కనుంచే, ఆ పెట్టె వెనకాల నడిచాను.