తెరచాప ఎత్తిన చిత్తూరు బస్సు

నా మీసం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

ఎనభైల్లో ఒక ఎండాకాలం, చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వెళ్తున్నాను. పక్క సీటాయన ఒళ్లో బొంతలా మడిచిన తెరచాప ఉంది. చిత్తూరులో గుడారాలు కుట్టే తన మామ చేత దాని చిరుగు కుట్టించుకొని పోతున్నాడు.

"రేపు మద్రాసులో పడవ పందెం ఉండాదప్పా. సాయంత్రం రైలు తప్పితే మా పడవ గట్టునే," అన్నాడు.

చంద్రగిరి దాటగానే ఇంజను ఆగిపోయింది. ఆయన టాపెక్కి, అక్కడున్న వెదురుగడకు తెరచాప కట్టి నిలబెట్టాడు. చూద్దామని అందరం కిందికి దిగాం.

"పడవ ఒరిగిపోకుండా అడుగున బరువైన ఇనప పలక ఉంటాది. బస్సుకూ అట్లాంటి బరువు కావల్ల. లావుగా ఉండేవాళ్లు మళ్లా ఎక్కి లోపల కూర్చోండి," అని పైనుంచి చెప్పాడు.

"మా డ్రైవరన్న ఒక్కడు సాలప్పా," అన్నాడు కండక్టరు.

అంతలో కొండ వైపు నుంచి గాలి లేచింది. తెరచాప పొంగింది, బస్సు కదిలింది, ఇంజను అంటుకుంది. ఆయనకు రైలూ అందింది.

సరే, ఒప్పుకుంటాను. ఇందులో గాలి ఒక్కటే నా కల్పన. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. దిగి తొయ్యమని డ్రైవరు ఎంత బతిమాలినా సీట్లు వదలనివాళ్లం, తెరచాప చూడ్డానికి దిగి, నవ్వుకుంటూ వెనక నుంచి తోసింది మేమే.